బాలింత ఇంట్లో ఆవు

స్పెయిన్ రాజు సైన్యం వచ్చి మా ఊరి చుట్టూ కందకాలు తవ్వడం మొదలుపెట్టేసరికి మా అమ్మాయి హిల్లెగొందకు ఏడో నెల.

మాది స్టావర్‌డైక్. సరిహద్దు మీది ఊరు కాబట్టి చుట్టూ ఎత్తయిన మట్టిగోడ, మూలమూలకీ బురుజు, గోడ కింద అగడ్త ఉండేవి. ఊరి ఆవుల్ని మేపడం నా పని. పొద్దున కోట తలుపులు తెరవగానే వాటిని బయటి పచ్చికలోకి తోలుకుపోయి, తలుపులు మూసేలోగా మళ్ళీ తోలుకొచ్చేవాణ్ణి. ముట్టడి మొదలయ్యాక ఆ తలుపులు తెరవలేదు. పచ్చికంతా వాళ్ళ గుడారాలే. ఆవులు ఎవరి కొట్టంలో వాళ్ళవి నిలబడి అరిచేవి. నాకు పని లేకుండా పోయింది.

కొన్నాళ్ళకి పెద్దల సభ ఆవుల మీద పడింది. గోడ మీద కాపలా కాసే సిపాయిలకి తిండి లేదు. ఆవులకి మేత లేదు. కాబట్టి వీధి తర్వాత వీధి ఆవుల్ని కోసుకుంటూ రమ్మని కసాయి వౌటర్‌కి చెప్పారు. వౌటర్ నా ఈడువాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దాం, ఒకేసారి బడి మానేశాం. వాడు ప్రతి ఇంటికీ వెళ్ళి, టోపీ తీసి, ఆవు పేరేమిటని అడిగేవాడు. ఇంటివాళ్ళు పేరు చెప్పాకే పలుపు విప్పేవాడు. అది వాడి పద్ధతి.

మాకూ ఒక ఆవు ఉంది. ఒళ్ళంతా నలుపు, మొహం తెలుపు. పేరు బ్లార్. ఆ వసంతంలోనే ఈనింది. దూడని అప్పటికే తీసుకుపోయారు.

హిల్లెగొంద ఆడపిల్లని కన్నది. వాళ్ళమ్మ బతికి లేదు. అల్లుడు యోస్ట్ బురుజు మీద ఉన్నాడు. మంత్రసాని ట్రెయినమ్మ బిడ్డని కడిగి, గుడ్డలో చుట్టి, నా చేతుల్లో పెట్టింది.

"మెడ కింద చెయ్యి పెట్టు టూనిస్. దూడ కాదు అది, పుట్టగానే లేచి నిలబడ్డానికి."

తర్వాత సంచిలోంచి పురిటి పలక తీసి మా తలుపుకి తగిలించింది.

మా ఊళ్ళో బాలింత ఉన్న ఇంటికి ఆ పలక ఉండాలి. రెండు అరచేతులంత చెక్క, దాని మీద ఎర్ర పట్టుగుడ్డ, పైన తెల్లటి లేసు కుచ్చిళ్ళు. ఆడపిల్లయితే సగం మేర లేసు కింద తెల్ల కాగితం దూరుస్తారు. పలక తలుపు మీద ఉన్నంతకాలం ఆ ఇంట్లోకి జప్తు బంట్రోతు రాడు, సిపాయి రాడు, ఎంత పెద్ద అధికారి అయినా రాడు. ఇంటివాళ్ళు, ఆడవాళ్ళు మాత్రమే గడప దాటాలి. డప్పు కొట్టేవాడు ఆ ఇల్లు దాటేదాకా కర్రలు చంకలో పెట్టుకుంటాడు. బాలింత లేచి చర్చికి వెళ్ళిన రోజున మంత్రసానే వచ్చి పలక దించుతుంది. ఇది ఎక్కడైనా రాసి ఉందో లేదో నాకు తెలియదు. మా తాత కూడా ఇలాగే ఉండేదని చెప్పేవాడు.

హిల్లెగొందకు పాలు పడలేదు. తిన్నది ఏముంది పాలు పడడానికి. ఎండిన రై రొట్టె, నీళ్ళలో ఉడికించిన ముల్లంగి. పైగా జ్వరం. బిడ్డ మొదట గట్టిగా ఏడ్చింది. తర్వాత మెల్లగా ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి నోరు మాత్రం తెరిచేది. ట్రెయినమ్మ దాని కాలి వేళ్ళు పట్టి చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"నీ ఆవు పాలిస్తోందా?"

"కొంచెం."

"పొదుగు నుంచి తీసినవి తీసినట్టు, గోరువెచ్చగా, బార్లీ కాచిన నీళ్ళు కలిపి పట్టండి. గుడ్డ తడిపి నోట్లో పెడితే చీకుతుంది. పూటపూటకీ పట్టాలి. ఆవు ఉంటే పిల్ల ఉంటుంది. అంతకంటే నేను చెప్పేది లేదు."

పట్టాం. మర్నాటికి పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు విని హిల్లెగొంద కూడా ఏడ్చింది.

ఆ వారంలోనే వౌటర్ మా పక్క వీధికి వచ్చాడని తెలిసింది. తర్వాత వంతు మాది. నేను కొట్టంలోకి వెళ్ళి బ్లార్ పలుపు విప్పి, ఇంటి చుట్టూ తిప్పి, వీధి తలుపులోంచి ముందు గదిలోకి తోలుకొచ్చాను. అది గడప దగ్గర ఒకసారి ఆగింది. వెనక నుంచి తోశాను. వచ్చింది.

హిల్లెగొంద గోడలో అరలా కట్టిన మంచం మీద నుంచి తల బయటికి పెట్టింది.

"నాన్నా, ఏంటది?"

"బ్లార్."

"బ్లార్ అని కనపడుతూనే ఉంది. ఇంట్లోకి ఎందుకు తెచ్చావు?"

"తలుపు మీద పలకుంది."

కాసేపు నా మొహంలోకి, ఆవు మొహంలోకి చూసింది. పురుడొచ్చాక మొదటిసారి నవ్వింది.

"లీస్బెత్ పిన్ని చూసిందంటే గుండె ఆగిపోతుంది. నిన్ననే మోకాళ్ళ మీద కూర్చుని ఈ గచ్చు కడిగి వెళ్ళింది."

లీస్బెత్ మా ఎదురింటావిడ. గుండ్లు పడుతున్నా సరే పొద్దున్నే వాకిలి కడగందే ఆవిడకి తెల్లారేది కాదు.

మర్నాడు వౌటర్ వచ్చాడు. వెంట ఇద్దరు సిపాయిలు. వాళ్ళు మా దేశం వాళ్ళు కాదు, జీతానికి వచ్చినవాళ్ళు. మా తలుపు రెండు ముక్కలుగా ఉంటుంది. కింది రెక్క మూసి పై రెక్క తెరిచి ఉంచాను, ఆవుకి గాలాడాలని.

"టూనిస్, ఉన్నావా?"

"ఉన్నా."

"బ్లార్ కొట్టంలో లేదేంట్రా?"

"లేదు."

"మరి ఎక్కడుంది?"

మాట వినపడి బ్లార్ కింది రెక్క మీదుగా తల బయటికి పెట్టింది. నోట్లో మా పరుపులోని గడ్డి. దాని పక్కనే పలక.

వౌటర్ టోపీ తీశాడు.

"ఏమ్మా, ఒంట్లో కులాసాగా ఉందా?" అని ఆవుని అడిగాడు.

"ఇంకా నీరసంగా ఉంది వౌటర్ బాబాయ్" అని లోపలి నుంచి హిల్లెగొంద అంది. "మీరు లోపలికి రాకూడదు."

"రానమ్మా. ఆమాత్రం తెలీదా నాకు."

సిపాయిల్లో ఒకడు ముందుకొచ్చాడు. "ఆవు అక్కడే ఉంది కదా. లాగు."

"నువ్వు లాగు నాయనా" అన్నాడు వౌటర్. "నాకు ఈ ఊళ్ళో పెళ్ళాం ఉంది, అత్తగారుంది, ఇద్దరు వదినలున్నారు. నీకెవరూ లేరు. నీకేం భయం."

సిపాయి వెనక్కి తిరిగి చూశాడు. లీస్బెత్ చీపురు పట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉంది. అటు పక్క ఇంట్లోంచి ఇంకొకావిడ, ఆ పక్కన ఇంకొకావిడ. సిపాయి తలుపు రెక్క మీద నుంచి చెయ్యి తీశాడు.

వాళ్ళు వెళ్ళాక లీస్బెత్ వచ్చి గదిలోకి తొంగి చూసింది. "పేడ వెయ్యగానే నన్ను పిలువు టూనిస్. నువ్వు ఎత్తకు. నువ్వెత్తితే మరకుంటుంది" అంది.

అలా బ్లార్ మా ముందు గదిలో ఉండిపోయింది. అసలు కష్టం మేత. పరుపుల్లోని గడ్డి అయిపోయింది. కొట్టం కప్పు మీద గడ్డి పీకి పెట్టాను. అది నల్లగా, బూజు పట్టి ఉంది. బ్లార్ వాసన చూసి తల తిప్పుకుంది. పాలు తగ్గాయి.

ఒకరోజు సాయంత్రం యోస్ట్ కాపలా దిగి వచ్చాడు. గడప మీద కూర్చుని, బూటు విప్పబోయి మానేశాడు.

"మావయ్యా, పీటర్ నాతో మాట్లాడ్డం లేదు."

పీటర్ వాడితో పాటు బురుజు మీద ఉండే ఫిరంగివాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనడం లేదు. అదే చెప్తున్నా. గిన్నె పట్టుకుని ఇటు తిరిగి తింటే నేను కనపడతానని అటు తిరిగి తింటాడు. వాడి గిన్నెలో ఏముంది, వేడినీళ్ళు. నా ఇంట్లో ఆవుంది."

హిల్లెగొంద మంచం మీద నుంచి వింది. "పీటర్ అన్నయ్యని ఒకసారి ఇటు తీసుకురా" అంది.

"ఎందుకు? తిట్టడానికా?"

"తీసుకురా."

మర్నాడు పీటర్ వచ్చాడు. పెద్ద మనిషి, అప్పటికి ఎముకలు మాత్రం మిగిలాయి. తలుపు బయటే నిలబడ్డాడు. హిల్లెగొంద బిడ్డని నాకిచ్చింది. నేను కింది రెక్క మీదుగా పట్టుకుని చూపించాను. పీటర్ పెళ్ళాం పిల్లలు శత్రువుల చేతిలో ఉన్న పల్లెలో చిక్కుకుపోయారు. వాళ్ళ కబురు లేదు.

"పేరేంటి?" అన్నాడు.

"ఆల్టియా."

"ఇంతే ఉందేంటి?"

"మొన్న ఇంతకూడా లేదు."

వేలు చాపాడు. ఫిరంగిమందు మసి అంటిన వేలు. చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, ఇనపటోపీ తలకిందులుగా పట్టుకుని నా చేతికిచ్చాడు. నిండా పచ్చగడ్డి. మట్టిగోడ వాలు మీద పెరిగేది. దాన్ని కొయ్యకూడదని ఆజ్ఞ ఉంది, ఆ గడ్డి వేళ్ళే మట్టిని పట్టి ఉంచుతాయి. ఆ వేళ్ళు కదలకుండా పీటర్ పైపైన కోసుకొచ్చాడు.

ఆ తర్వాత కాపలా దిగిన ప్రతివాడూ మా వీధి మీదుగా పోవడం మొదలుపెట్టాడు. ఒకడు జేబులోంచి, ఒకడు చొక్కాలోంచి, ఇంకొకడు తూటాల సంచీలోంచి గడ్డి తీసి తలుపు మీదుగా పడేసేవాళ్ళు. బ్లార్ తల బయటపెట్టి ఎదురుచూసేది. పాలు మళ్ళీ పెరిగాయి. మా వీధిలో పాలు పడని తల్లులు ఇంకా ఉన్నారు. వాళ్ళూ బిడ్డల్ని తెచ్చుకున్నారు. హిల్లెగొంద అందరికీ గిన్నెతో కొలిచి పోసేది. ఆల్టియాకి కూడా అదే గిన్నె.

హిల్లెగొందకు జ్వరం తగ్గింది. లేచి తిరగాలని తహతహ.

"పడుకుని పడుకుని నా నడుం ఈ చెక్కకి అతుక్కుపోయింది ట్రెయినమ్మా. ఇక లేస్తాను."

"లేస్తే జనం చూస్తారు. చూస్తే చర్చికెప్పుడని అడుగుతారు. వెళ్ళావంటే పలక దించాలి. దించానంటే ఆవు పోతుంది. పడుకో."

"నాకే జబ్బూ లేదు."

"నీకు జబ్బుందని ఎవరన్నారు? బాలింతవి అన్నాను. ఎప్పటిదాకా బాలింతవో చెప్పాల్సింది నేను."

సిపాయిల మీద అధికారి కెప్టెన్ గెడ్డెస్. స్కాట్లాండ్ నుంచి జీతానికి వచ్చినవాడు. మంచివాడే. తన మనుషులు ఆకలితో గోడ మీద కూలిపోతుంటే చూడలేకపోయాడు. ఊళ్ళో చివరి ఆవు ఒక ఇంటి ముందు గదిలో ఉందని విని పెద్దల సభకి వెళ్ళి గట్టిగా అడిగాడట. పలక దిగిన మరుక్షణం ఆవు మీది, అంతవరకు మేమేం చెయ్యలేం అన్నారట. కెప్టెన్ మా వీధి చివర ఒక సిపాయిని నిలబెట్టాడు. వాడి పని మా తలుపు వంక చూస్తూ ఉండడం. పాపం, వాడు కూడా చలిలో వణుకుతూ చూసేవాడు. హిల్లెగొంద వాడికి రెండుసార్లు పాలు పంపింది. తాగి, మళ్ళీ చూసేవాడు.

ఫిరంగుల పొగకి ఊరంతా నల్లబడింది. గోడలు, కిటికీలు, మొహాలు. పలక మీది లేసు కూడా నల్లబడింది. ఎవరూ పట్టించుకోలేదు, లీస్బెత్ తప్ప. ఆవిడ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది మా తలుపు. ఆవిడ నాతో రెండు మూడుసార్లు అంది కూడా, ఆ లేసు చూస్తుంటే ముద్ద దిగడం లేదని. దిగడానికి ముద్ద ఎక్కడుందని నేననుకున్నాను.

ఒకనాటి పొద్దున ఇంకా చీకటుండగానే నేను నీళ్ళకి వెళ్ళాను. హిల్లెగొంద, బిడ్డ నిద్రపోతున్నారు. తెల్లారాక బిందెతో వీధి మలుపు తిరిగేసరికి మా తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. బ్లార్ లేదు. తలుపు మీద పలక లేదు. లీస్బెత్ మా వాకిట్లో నిలబడి ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"మురికిగా ఉంది టూనిస్" అంది. "ఉతికి, గంజి పెట్టి, తెల్లారేసరికి తగిలించేస్తే... బాలింత గుమ్మానికి అలాంటి లేసు..."

మా ఊరి ఆడది ఎవరైనా ఆ పనే చేసి ఉండేది. వీధి చివరి సిపాయి బోసి తలుపు చూశాడు, వెళ్ళి చెప్పాడు. వాడికి అప్పజెప్పిన పని అదే.

హిల్లెగొంద అప్పటికే లేచింది. బిడ్డని శాలువాలో చుట్టి రొమ్ముకి కట్టుకుంటోంది.

"నువ్వు బయటికి రాకూడదు" అన్నాను.

"పలకే లేదు కదా నాన్నా. ఇంకెవరి కోసం పడుకోవాలి?"

అన్నాళ్ళు మంచం మీదే ఉండడం వల్ల కాళ్ళు తడబడుతున్నాయి. నా భుజం పట్టుకుని నడిచింది. వీధిలో వాళ్ళు తలుపుల్లోకి వచ్చి చూశారు. లీస్బెత్ తొట్టిలోంచి పలక తీసి, నీళ్ళు కారుతుండగానే పట్టుకుని, ట్రెయినమ్మ ఇంటి వైపు పరిగెత్తింది. లీస్బెత్ పరిగెత్తడం నేనంతకు ముందు చూడలేదు.

వౌటర్ కోతదొడ్డి, అంటే వాడు పశువుల్ని కోసే రాతినేల కొట్టం, కాలువ ఒడ్డున ఉంది. మేం వెళ్ళేసరికి బ్లార్‌ని నేల మీది ఇనప కడియానికి కట్టి పడుకోబెట్టేశారు. పక్కన పొయ్యి మీద పెద్ద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. కెప్టెన్ నిలబడి ఉన్నాడు. చుట్టూ సిపాయిలు. వాళ్ళ కళ్ళు ఆవు మీద ఉన్నాయి, మమ్మల్ని చూడలేదు. వౌటర్ తోలు గుడ్డ కట్టుకుని కత్తి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి టోపీ తీశాడు.

"పేరేంటి?" అన్నాడు.

"నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు చెప్పాలి."

నేను చెప్పలేదు. వాడు కత్తి దించి అలాగే నిలబడ్డాడు.

"దేనికోసం ఆగాం?" అన్నాడు కెప్టెన్.

"పేరు కోసం దొరగారూ."

హిల్లెగొంద నా భుజం వదిలి ముందుకెళ్ళింది. ఆవు పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత దాని కడుపుకి వీపు ఆనించి, బిడ్డని పక్కలో వేసుకుని పడుకుంది. బ్లార్ మెడ తిప్పి ఆమె జుట్టు నాకింది. ఆ దొడ్లో అంతమంది ఉన్నా ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు.

అప్పుడు ట్రెయినమ్మ వచ్చింది. ఆయాసపడుతోంది. చేతిలో తడి పలక. కాలి చెక్కజోడు ఒకటి విప్పి, దాని మడమతో దొడ్డి తలుపుకి మేకు కొట్టి, పలక తగిలించింది. లేసు తెల్లగా మెరిసిపోతోంది. దాంట్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వౌటర్ దాన్ని చూసి, కత్తి తోలుగుడ్డలో చుట్టుకుని, తలుపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటిది?" అన్నాడు కెప్టెన్.

"పురిటిల్లు" అంది ట్రెయినమ్మ.

"పురిటిల్లు ఆ వీధిలో ఉండేది."

"బాలింత ఇక్కడుంది. ఆమె ఎక్కడ పడుకుంటే అదే."

"ఆమె నడుచుకుంటూ వచ్చింది. నా కళ్ళతో చూశాను."

"చర్చిలోకి వెళ్ళిందా?"

"లేదు."

"పురుడు తీరేది చర్చి గుమ్మంలో బాబూ, కసాయి దొడ్లో కాదు. మీ మనుషుల్ని బయటికి పంపండి. బిడ్డకి పొగ."

కెప్టెన్ తలుపు వైపు తిరిగాడు. "నువ్వు రా. నీ పని చెయ్యి."

"నేను లోపలికి రాకూడదు దొరగారూ" అన్నాడు వౌటర్.

"ఇది నీ దొడ్డి."

"నాదే. నా మంచం కూడా ఆ పై గదిలోనే ఉంది. ఈ చలికాలం ఎక్కడ పడుకోవాలో తెలీడం లేదు."

సిపాయిల్లో ఎవరో నవ్వారు. మా ఊరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బయటికి నడిచారు. బయటి దేశాల వాళ్ళు వాళ్ళని చూసి నడిచారు. కాగు పట్టుకుని పోయారు. కెప్టెన్ ఒక్కడే మిగిలాడు.

"నా మనుషులు నిలబడలేకపోతున్నారు" అన్నాడు. ట్రెయినమ్మతో కాదు, హిల్లెగొందతో. "ఈ ఆవు వాళ్ళకి రెండు పూటల తిండి."

"తెలుసు దొరగారూ. నా మొగుడూ ఆ గోడ మీదే ఉన్నాడు" అంది హిల్లెగొంద. "ఈ పిల్లకి మాత్రం ఇది ఉన్నన్నాళ్ళే. నాకు పాలు లేవు. ఎటు చెప్పాలో నాకు తెలీదు. మీరు చెప్పండి. దించమంటే పలక నేనే దించుకుంటా."

ట్రెయినమ్మ ఏదో అనబోయింది. హిల్లెగొంద చెయ్యెత్తి ఆపింది.

కెప్టెన్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆల్టియా మేలుకుని ఉంది. ఆవు ఊపిరి తగిలి శాలువా అంచు లేస్తూ పడుతుంటే దాన్నే చూస్తోంది. ఆయన కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత టోపీ తీసి, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి, గడప దాటి, తలుపు తనే దగ్గరికి వేశాడు.

మధ్యాహ్నం తన గుర్రాన్ని తనే నడిపించుకుంటూ వచ్చాడు. ఎర్రటి గుర్రం. ఎముకలు తేలి ఉన్నా నడక బాగుంది. దొడ్లోకి పోకూడదు కాబట్టి వౌటర్ వీధిలోనే తోలుగుడ్డ కట్టుకున్నాడు. టోపీ తీశాడు.

"పేరేంటి దొరగారూ?"

కెప్టెన్ తన భాషలో ఒక మాట చెప్పాడు. మాకు అర్థం కాలేదు. వౌటర్ ఆ మాటని మెల్లగా, సరిగ్గా పలికేదాకా రెండుసార్లు పలికాడు. కెప్టెన్ తలూపి, గుర్రం మెడ మీద చెయ్యి వేసి, అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు.

హిల్లెగొంద, బిడ్డ, బ్లార్‌తో పాటు దొడ్లోనే ఉండిపోయారు కాబట్టి వౌటర్ మా ఇంటికి వచ్చి పడ్డాడు. బ్లార్ ఉన్న చోటే గడ్డి పరుచుకుని పడుకున్నాడు.

"నీ ఇల్లు ఆవు కంపు కొడుతోందిరా."

"నీ దొడ్డి ఏం కంపు కొడుతుంది?"

"నేను అలవాటు పడ్డాను. హిల్లెగొంద ఎలా ఉంటోందో పాపం."

రోజూ పొద్దున వెళ్ళి దొడ్డి తలుపు బయట గడ్డి పెట్టి వచ్చేవాడు. లోపలికి మాత్రం పోలేదు. లీస్బెత్ వెళ్ళి ఆ రాతినేల కడిగింది. వౌటర్ తాత నాటి నుంచి అంటిన మరకలు కూడా పోయాయని వాడే చెప్పాడు, కొంచెం దిగులుగా.

శీతాకాలం ముదిరి వానలు పట్టుకున్నాయి. కాలువలు పొంగి శత్రువుల కందకాల్లోకి నీళ్ళు వచ్చాయి. వాళ్ళ ఫిరంగులు బురదలో దిగిపోయాయి. ఒకరోజు పొద్దున బురుజు మీద నుంచి చూస్తే గుడారాలు లేవు. నమ్మలేక ఆ రోజంతా అలాగే చూశాం. మర్నాడు పడవల్లో రొట్టెలు, ఉప్పుచేపలు వచ్చాయి. ఆదివారం హిల్లెగొంద చర్చికి వెళ్ళింది. యోస్ట్ బిడ్డనెత్తుకున్నాడు. ట్రెయినమ్మ దొడ్డి తలుపు మీది పలక దించి, లేసు వాసన చూసి, సంచిలో పెట్టుకుంది. చర్చి బయట కెప్టెన్ నిలబడి ఉన్నాడు. హిల్లెగొంద బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది. మెడ కింద చెయ్యి పెట్టాలని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయనకి పిల్లలున్నారో లేదో మేం అడగలేదు.

సాయంత్రం బ్లార్‌ని కోట బయటికి తోలుకెళ్ళాను. హిల్లెగొంద కూడా వస్తానంది. బిడ్డని కట్టుకుని పక్కన నడిచింది. పచ్చికంతా తవ్వేసి ఉంది. విరిగిన చక్రాలు, బూట్లు, చచ్చిన కంచరగాడిదలు. గడ్డి కోసం చాలా దూరం పోవాల్సి వచ్చింది. ఒక కందకం పక్కన గట్టు మీద రెండు కర్రలు పాతి తాడు కట్టి ఉంది. దాని మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉన్నాయి, ఆల్టియాకి చుట్టేలాంటివి. వానకి తడిసి, మళ్ళీ ఆరి, బిగుసుకుపోయాయి. తీసుకుపోయే తీరిక ఎవరికో లేకపోయినట్టుంది.

"వీళ్ళలోనూ ఒక బాలింత ఉందన్నమాట" అంది హిల్లెగొంద.

ఆమె గుడ్డలు ఒక్కొక్కటీ తాడు మీద నుంచి తీసి, దులిపి, మడత పెట్టింది. నీళ్ళు తగలని చోట ఒక చెక్కపలక ముక్క చూసి దాని మీద దొంతిగా పెట్టింది. గాలికి పోకుండా పైన రాయి ఉంచింది. బ్లార్ అప్పటికే ముందుకెళ్ళి గడ్డి అందుకుంది. మేం దాని వెనకాల వెళ్ళాం.